ఆగితే కాల్చేస్తాను

నేను ఒక పాలిష్ మిషన్ని. బరువు మూడు కిలోలు. ముందు గుండ్రటి ప్యాడు, వెనక పొడుగాటి తీగ, పిడి పక్కన ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న చిన్న చక్రం. చక్రం ఒకటి మీద ఉన్నప్పుడే నిమిషానికి ఆరు వందల చుట్లు తిరుగుతాను. ఆరు మీదికి తిప్పితే మూడు వేలు. స్విచ్ పడిందంటే నాకు ఒకచోట కాలు నిలవదు. పడకపోతే ఇంకా నరకం. గోడకు వేలాడుతున్నా లోపల ఏదో గిర్రున తిరుగుతున్నట్టే ఉంటుంది.

పోలీసులు దొంగ వెంటపడి, ఆగకపోతే కాల్చేస్తాం అంటారు. నా చట్టం దానికి తిరగేసి ఉంటుంది. నేను ఆగితే కాల్చేస్తాను. కారు రంగు మీద అటూ ఇటూ కదులుతున్నంతసేపు నా అంత మంచిది లేదు, గరుకు పోయి అద్దంలా మెరుస్తుంది. ఒకే చోట రెండు క్షణాలు నిలబడ్డానా, రాపిడి వేడికి పైపొర కమిలిపోయి కింది పొర బయటపడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఒంగోల్లో ఒక ఆడమనిషికి తమ్ముడి గడప ఉంటుందా పోతుందా అన్నది ఒక ఆదివారం పొద్దున ఆ రెండు క్షణాల దగ్గరికొచ్చి ఆగింది.

నన్ను ఏ ఊళ్లో బిగించారో నాకు తెలియదు. అట్టపెట్టె తెరిచి నన్ను మొదట బయటికి తీసింది చీమకుర్తిలో, రాళ్ల యార్డులో. నల్ల గ్రానైటు పలకల మీద ఆరేళ్లు తిరిగాను. వంటగట్టుకు పోయే రాయి, సమాధికి పోయే రాయి పక్కపక్కనే ఉండేవి. రెంటికీ ఒకే మెరుపు పెట్టాను. రాయితో ఒక సుఖం ఉంది. దాని మీద ఎంతసేపు నిలబడినా ఏమీ అనదు. నన్ను పట్టుకున్నవాడు మధ్యలో బీడీ వెలిగించుకున్నా, పక్కవాడితో పోట్లాడినా రాయికి పట్టదు. అందుకే నాకు ఆగడం ప్రమాదమని అక్కడ తెలియలేదు.

యార్డు మూతపడ్డాక ఒంగోలు కార్ల షెడ్ల వీధిలో సుభానీ మేస్త్రీ నన్ను తెచ్చుకున్నాడు. కార్లకు రంగు వేశాక మెరుపు తెప్పించడం అతని పని. రాతి ప్యాడు పీకేసి ఉన్ని ప్యాడు తొడిగాడు. మొదటిరోజు నన్ను ఒక పాత తలుపు రేకు మీద పెట్టి, కావాలనే కదపకుండా పట్టుకున్నాడు. రెండు క్షణాల్లో వాసన వచ్చింది. ఎర్ర రంగు మధ్యలో బూడిద రంగు మచ్చ. నన్ను ఆపి, నాతోనే అన్నట్టు అన్నాడు, ‘చూశావా, రంగంటే రాయి కాదు.’

అతని చేతుల్లో తొమ్మిదేళ్లు. ఎన్ని బానెట్లు, ఎన్ని డోర్లు! మనుషులు కారు కొన్నరోజు దాన్ని చంటిపిల్లలా చూసుకుంటారు. ఏడాది తిరక్కుండా గోడకు గీసుకుని నా దగ్గరికి తెస్తారు. ఎవర్నడిగినా తప్పు గోడదే. ఎవరో వచ్చి గుద్దారంటాడు ఒకడు, స్తంభం కనపడలేదంటాడు ఇంకొకడు. నేనే గీశానన్నవాణ్ని తొమ్మిదేళ్లలో ఒక్కణ్నీ చూడలేదు.

చివరికి సుభానీకే జరిగింది. ఒక డాక్టరుగారి నల్ల కారు మీద నేను తిరుగుతుండగా అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది. చెయ్యి జేబు వైపు పోయింది. మిగిలిన చెయ్యి ఆగింది. నేను ఆగాను. బానెట్ మొత్తం మళ్లీ రంగు వేయాల్సొచ్చింది. ఆ వారమే అతను కంటి ఆపరేషన్ చేయించుకుని షెడ్డు మానేశాడు. నన్ను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. ఏడాది చీకటి. మీకు నిద్రంటే ఎంత ఇష్టమో తెలుసు. నాకు మాత్రం అది ఊపిరాడనివ్వని శిక్ష.

ఒక శనివారం ఆ సంచి విప్పింది మాలకొండయ్య. అతని కథ కొంత సుభానీ ఇంటి వసారాలో విన్నాను, మిగతాది అతని ఇంట్లో. కలిపి చెబుతాను.

మాలకొండయ్య బోర్డులు రాసే పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెల పని సగం పోయినా, షాపు షట్టర్లకు స్ప్రే గన్‌తో రంగులేస్తూ ఆ చేత్తోనే పేర్లు రాస్తూ నెట్టుకొస్తున్నాడు. భార్య పోయాక ఒక్కడే. అక్క సుగుణమ్మ అదే ఊళ్లో, బస్టాండుకు అవతలి పక్క. ఆమె భర్త వెంకటాద్రి బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఒకే ఊరే గానీ నాలుగేళ్లుగా బావా బావమరుదుల మధ్య మాట లేదు. కారణం ఒక వత్తు.

బావ ఇల్లు కట్టుకున్నప్పుడు గేటు పక్క గోడ మీద పేరు రాసిచ్చింది మాలకొండయ్యే. ‘వెంకటాద్రి నిలయం’ అని రాయాలి. దకారం కింద కొంకిలా తిరిగే ర వత్తు ఉంటుంది చూడండి, దాన్ని క్రావడి అంటారు. అది పెట్టడం మర్చిపోయాడు. గృహప్రవేశం నాడు బంధువులంతా గుమ్మం ముందు నిలబడి ‘వెంకటాది నిలయం’ అని పైకి చదివారు. డిపో వాళ్లు నవ్వారు. ఆది కనపడుతోంది, అంతం ఎప్పుడు సార్ అని ఒకడు అడిగాడు. అప్పుడే మర్చిపోయానని ఒప్పుకుంటే కుంచె తెచ్చి ఒక్క గీతతో సరిపోయేది. మాలకొండయ్య ఒప్పుకోలేదు. అది స్టైల్ అక్షరమని, ఇప్పుడు ఇలాగే రాస్తున్నారని వాదించాడు. అక్షరాలు రానివాడికి కుంచెలెందుకన్నాడు బావ. మాలకొండయ్య విస్తరి ముందు నుంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి సుగుణమ్మ తమ్ముడి ఇంటికి రాలేదు. వస్తే భర్తను తక్కువ చేసినట్టు, రాకపోతే తమ్ముణ్ని వదిలేసినట్టు. నాలుగేళ్లు బస్టాండు దగ్గరి కూరగాయల అంగట్లో కలుసుకుని మాట్లాడుకున్నారు ఆ ఇద్దరూ, దొంగల్లాగా.

ఆమె తంటాలు పడీ పడీ ఒక దారి తీసింది. బావ పన్నెండు రోజుల కాశీ యాత్రకు బయల్దేరుతున్నాడు. యాత్రకు పోయేముందు పంతాలు ఉంచుకోకూడదని ఆమె ముడి వేసింది. ఆయన సరేనన్నాడు. ‘అయితే నీ తమ్ముణ్ని వచ్చి నిన్ను తీసుకుపొమ్మను. కారు కూడా ఇస్తా. రెండ్రోజులకోసారి స్టార్ట్ చెయ్యాలి’ అన్నాడట. ఆ తెల్ల కారుకి పదకొండేళ్లు. వాళ్లకు పిల్లలు లేరు. బయల్దేరిన బుధవారం ఆయన కారు చుట్టూ తిరిగి ఒక్కొక్క రేకునూ అరచేత్తో తాకి, హాజరు తీసుకున్నట్టు చూసుకుని మరీ తాళం ఇచ్చాడు. ఆయన ఇచ్చింది కారు కాదని సుగుణమ్మకు తెలుసు.

ఆరో రోజు మాలకొండయ్య గోడకు ఆనించిన ఇనుప నిచ్చెన జారి బానెట్ మీద పడింది. చేటంత సొట్ట, రేకు కనపడేంత గీత. ఇక్కడి నుంచి చూడండి మనిషి తెలివి. నిచ్చెన పడింది బావా అని ఒక్క ఫోన్ చేస్తే చాలు. చెయ్యలేదు. నాలుగేళ్ల కిందట చెప్పలేని మాటే ఇప్పుడూ చెప్పలేకపోయాడు. సొట్ట తీయించి లప్పం పెట్టించాడు. రంగు వేసే షెడ్డులో పది రోజులు ఖాళీ లేదన్నారు. తనకు కంప్రెసర్ ఉంది, గన్ ఉంది, రంగు కలపడం చిన్నప్పటి నుంచి వచ్చు. రేకుల కొట్టంలో అక్క పాత చీరలు నాలుగువైపులా కట్టి, దుమ్ము లేవకుండా నేల తడిపి, బుధవారం తెల్లరంగు, గురువారం పైన మెరుపుకి మూడు పూతల లాకర్, అంటే రంగులేని వార్నిష్ కొట్టాడు. ఇంట్లో వేసిన రంగు కదా, నారింజ తొక్కలా గుల్లగుల్లగా వచ్చింది. ఒక దోమ కూడా అతుక్కుపోయింది. పర్లేదు, నీళ్లలో ముంచి వాడే గరుకు కాయితంతో రుద్ది పాలిష్ పట్టిస్తే సరిపోతుంది అనుకున్నాడు. నిజమే, సరిపోయేది.

శుక్రవారం పొద్దున సుగుణమ్మ తలంటి పోసుకుని కొట్టంలోకి వచ్చింది. కారు గండం గడిచిందని మనసు నిండింది. తడి పసుపు ముద్ద చేసి బానెట్ నడిమధ్యన అరచేయంత గుండ్రంగా అద్ది, పైన మూడు కుంకుమ బొట్లు పెట్టి, హారతి తిప్పింది. లాకర్ ఇంకా మెత్తగానే ఉంది. చీర తెర తీయడంతో మధ్యాహ్నం దాకా ఎండ పడింది. తమ్ముడు వచ్చి తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ పోయింది గానీ పసుపు పోలేదు. తెల్ల కారు నుదుట పచ్చటి సూర్యుడు.

సుగుణమ్మ ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని, ‘నా చేత్తో నేనే పాడుచేసుకున్నా గదరా కొండయ్యా’ అని మాత్రం అంది.

శనివారం సుభానీ ఇంటి వసారాలో ఇదంతా చెప్పి మాలకొండయ్య తల వంచుకున్నాడు. సుభానీ నల్ల కళ్లద్దాల వెనక నుంచి విని, అటక మీంచి నన్ను దింపించాడు. తను రాలేనన్నాడు. ఆపరేషన్ అయిన కంటికి గీతలన్నీ అలుక్కుపోయి కనపడుతున్నాయట. పసుపు లాకర్‌లోనే ఉంటుంది, తెల్లరంగు దాకా పోదు, పైపొర కొంచెం కొంచెం కోస్తే పోతుంది అని చెప్పాడు. మూడు పూతలు కొట్టావు, అందులో ఎంత పసుపు తాగిందో ఎవడికీ తెలియదు అనీ చెప్పాడు.

‘బానెట్ అంచులకీ, మధ్యన రేకు మడతలా లేచిన గీతకీ టేపు ఏసుకో. గీత మీద రంగు పల్చగుంటది’ అన్నాడు. నన్ను అతని చేతిలో పెట్టి, వదల్లేదు. ‘ఏది ఏమైనా ఆపబాక. పిడుగు పడినా సరే చెయ్యి కదులుతా ఉండాల. ఆగిందంటే కాల్చేస్తది.’

ఆ సాయంత్రమంతా నీళ్ల కాయితంతో రుద్దుడు. సబ్బునీళ్లు పోసుకుంటూ మొదట గరుకుది, తర్వాత నున్నటిది. నారింజ తొక్క పోయింది, దోమ పోయింది, మెరుపూ పోయింది. బానెట్ పాలు ఒలికి ఆరిన బండలా తెల్లబోయి చూస్తోంది. పసుపు సగం తగ్గి అలాగే ఉంది. నేను మూలన కూర్చుని రాత్రంతా వేగిపోయాను. ఏడాది తర్వాత తిరగబోతున్నాను. తిరగాలన్న ఆత్రం ఒకవైపు, ఆ డాక్టరుగారి కారు ఒకవైపు.

బావ సోమవారం సాయంత్రం వస్తాడని అక్కాతమ్ముళ్ల లెక్క. ఆదివారం పొద్దున ఏడింటికి నా స్విచ్ పడింది.

రెండో అంకె మీద మొదలుపెట్టాం. మాలకొండయ్య చెయ్యి చూసి నేను ఆశ్చర్యపోయాను. అక్షరాలు రాసిన చెయ్యి అది. సుభానీ నన్ను తోసేవాడు. ఇతను గీస్తున్నాడు. ఎడమ నుంచి కుడికి ఒక వరస, సగం దాని మీద పడేలా ఇంకో వరస. తీగను భుజం మీంచి వెనక్కి వేసుకున్నాడు. సుగుణమ్మ సీసాతో నీళ్లు చిలకరిస్తోంది. బానెట్‌కి పూసిన కాంపౌండు పేస్టు తెల్లగా నురగ కట్టి, పల్చబడి, మాయమవుతుంటే దాని కింద మెరుపు లేస్తోంది. ముందు కొట్టం రేకులు కనపడ్డాయి బానెట్‌లో. తర్వాత చీర అంచు పువ్వులు. తర్వాత అతని గడ్డం.

తొమ్మిదింటికి అరచేయంత పచ్చ రూపాయి బిళ్లంత అయింది. అది నేరుగా మధ్య గీత మీదే కూర్చుంది. దాన్ని తీయాలంటే టేపు తీయాలి. మాలకొండయ్య టేపు గోటితో లేపి, ఆగి, అక్క వైపు చూశాడు. ఆమె చాలించమంది, అంత మచ్చ ఎవరికి కనపడుద్దిలే అంది. వాళ్లకిద్దరికీ తెలుసు ఎవరికి కనపడుతుందో. అతను టేపు లాగేశాడు.

ఒక దఫా. చేతి వెనకభాగంతో రేకు తాకి చూశాడు, వేడి. ఆరనిచ్చాడు. ఇంకో దఫా. పచ్చ పల్చబడింది. ఇంకో దఫా. నా కింద పొర ఎంత ఉందో నాకు తెలుస్తోంది. ఉల్లిపొర కూడా లేదు. చెప్పడానికి నాకు నోరు లేదు, గొంతు ఒకటే ఉంది. కీచుమన్నాను. అతను నా రొద పాడైపోయిన బేరింగ్‌ది అనుకున్నాడు. ఇంక గోరంత మిగిలింది.

సరిగ్గా అప్పుడు వీధిలో ఆటో ఆగింది. నా చప్పుడులో ఎవరికీ వినపడలేదు. గేటు తెరుచుకుంది. అదీ వినపడలేదు. మాలకొండయ్యకు కనపడింది బానెట్‌లో. తను పెట్టిన మెరుపులో తలకిందులుగా ఒక గుండు, భుజాన సంచి, చేతిలో గంగ చెంబు.

ఒక క్షణం, ఎవరీ గుండు అనుకోవడానికి పట్టింది.

రెండో క్షణం, బావ అని తెలియడానికి పట్టింది.

చెయ్యి ఆగింది.

నేను చేయగలిగింది లేదు. నా పుట్టుకే అది. వేడి ఒక్కసారి పైకి లేచింది, లాకర్ పోయింది, తెలుపు పోయింది. వాసనకు సుగుణమ్మ పరుగెత్తి ప్లగ్గు పీకేసింది.

బయల్దేరిన రోజు కూడా లెక్కలోదే అని తర్వాత తెలిసింది. బుధవారం నుంచి లెక్కపెడితే పన్నెండో రోజు ఆదివారం. వీళ్లు గురువారం నుంచి లెక్కపెట్టారు. ఆయన ఫోన్ చేసి వచ్చే మనిషి కాదు. చెప్పినరోజు గుమ్మంలో నిలబడతాడు, అంతే.

వెంకటాద్రి చెంబు అరుగు మీద పెట్టాడు. కారు దగ్గరికొచ్చి కుడివైపు రేకు మీద వేలి కణుపుతో కొట్టాడు. టంగుమంది. బానెట్ మీద కొట్టాడు. టక్కుమంది. ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసినవాడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. అయినా సుగుణమ్మ గబగబా చెప్పేసింది, నిచ్చెన పడిందని, కొండయ్యే రంగు వేశాడని, ఎంతో బాగా వచ్చిందని, పసుపు తనే పెట్టిందని, తప్పంతా తనదేనని.

మాలకొండయ్య నన్ను స్టూలు మీద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. నాలుగేళ్ల కిందటి నడకే. గేటు గొళ్లెం మీద చెయ్యి వేశాక ఆగాడు. ఇది తన ఇల్లేనని, పోవడానికి ఇంకో ఇల్లు లేదని అప్పుడు గుర్తొచ్చింది.

సుగుణమ్మ లోపలికెళ్లింది. తన సంచి సర్దుకోవడానికి. ఆ చప్పుడు కూడా నాకు వినపడింది, జిప్పు లాగిన చప్పుడు.

వెంకటాద్రి మాత్రం బానెట్ మీదికి వంగి అలాగే ఉన్నాడు. కాల్చింది నేను, కాబట్టి ఏం చూస్తున్నాడో నాకు తెలుసు. నా ప్యాడు గుండ్రం. ఒక అంచు గీత మీద నొక్కుకుని ఆగింది. అందుకని కాలింది చుక్కలా కాలలేదు. తెల్లటి బానెట్ మీద బూడిదరంగులో ఒక కొంకి. కింద నుంచి ఎడమవైపుకి తిరిగి, కొస పైకి లేచిన చిన్న కొంకి.

‘కొండయ్యా’ అన్నాడు. నాలుగేళ్లలో మొదటిసారి పేరుపెట్టి. ‘ఇటు రా. ఇదేందో చూడు.’

అతను రాలేదు. అక్కణ్నుంచే, ‘కాలింది బావా. నేనే కాల్చా. చెయ్యి ఆపా’ అన్నాడు.

నేనే అన్నాడు. తొమ్మిదేళ్ల షెడ్డులో నేను వినని మాట. నాకు కరెంటు లేకపోయినా లోపల ఏదో తిరిగినట్టయింది.

‘కాలడం కాదురా. సరిగ్గా చూడు, అక్షరాలు రాసేవాడివి’ అన్నాడు బావ. వేలితో ఆ కొంకి చుట్టూ గాలిలో గీశాడు. ‘నా క్రావడి. నాలుగేళ్ల కింద నా గోడ మీద పెట్టాల్సింది. తీసుకొచ్చి కారు మీద పెట్టావేంది?’

మాలకొండయ్య వచ్చి చూశాడు. అతని ముఖం బానెట్‌లో నాకు తలకిందులుగా కనపడింది. నవ్వో ఏడుపో తలకిందులుగా చూస్తే తెలియదు.

‘ఆరోజు మర్చిపోయా బావా’ అన్నాడు. ‘స్టైల్ కాదు, ఏం కాదు. మర్చిపోయా.’

‘తెలుసులే’ అన్నాడు వెంకటాద్రి. ‘ఇంకో పెయింటరు చేత పెట్టిస్తానని మీ అక్క ఎన్నిసార్లడిగినా వద్దన్నా. మర్చిపోయినోడే వచ్చి పెట్టాల గదా.’

లోపల జిప్పు చప్పుడు ఆగింది. తర్వాత మళ్లీ వినపడింది, ఈసారి తెరిచిన చప్పుడు.

కాశీ నుంచి వచ్చినాయన కాళ్లు కడుక్కుని కాఫీ తాగాక ముగ్గురూ ఆ కారులోనే బస్టాండు అవతలికి వెళ్లారు. మాలకొండయ్య చేతిలో సన్న కుంచె, నల్ల రంగు డబ్బా. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, నన్ను తీసుకుపోలేదు. ఒక్క గీతే కదా. కానీ సాయంత్రం దాకా రాలేదు.

బానెట్‌కి మళ్లీ రంగు వేస్తానని మాలకొండయ్య ఎన్నిసార్లో అన్నాడు. బావ ఒప్పుకోడు. తుప్పు పట్టకుండా ఆ కొంకి మీద చిన్న కుంచెతో లాకర్ మాత్రం పూయించుకున్నాడు. పెట్రోలు బంకులో ఎవరైనా ఆ మచ్చేంటని అడిగితే, మా బావమరిది రాత అంటాడట. ఆ గోరంత పసుపు కూడా దాని పక్కనే ఉండిపోయింది. సుగుణమ్మ శుక్రవారం శుక్రవారం పసుపు పెట్టడానికి ఇప్పుడు టైర్ల దాకానే పోతుంది.

సుభానీ నన్ను తిరిగి తీసుకోలేదు. కొండయ్య దగ్గరే ఉండమన్నాడు. కొట్టంలో మేకుకు వేలాడుతున్నాను. నా పక్కనే ఆ నిచ్చెన, ఇప్పుడు తాడుతో రెండు చోట్ల కట్టేసి ఉంది. నా లోపలి కార్బన్ ముక్కలు అరిగిపోయాయి. స్విచ్ నొక్కితే మొదట దగ్గుతాను, ఆ తర్వాతే తిరుగుతాను. ఆదివారాలు గేటు చప్పుడైనప్పుడల్లా తెల్ల కారు లోపలికొస్తుందని తీగ చివరి దాకా వణుకుతాను. నాకిప్పటికీ నెమ్మది లేదు. ఎక్కడైనా రంగు వాసన తగిలితే దిగి పరుగెత్తాలనిపిస్తుంది.

నా కింద ఎన్ని రాళ్లు మెరిశాయో, ఎన్ని కార్లు మెరిశాయో, ఒక్కటీ నా పేరు చెప్పవు. మెరుపు ఎప్పుడూ పట్టుకున్నవాడిదే. నేను నా అంతట నేను రాసింది ఒకటే ఒకటి. అది కూడా నిండు అక్షరం కాదు, కింద పెట్టే వత్తు. అదీ, కదలడం మానేసి ఆగినప్పుడు రాసింది.